సంవత్సరము ఎవరిది?

"ఇది ఏ సంవత్సరము?" అను ప్రశ్నకంటె నిరపాయమైన ప్రశ్న మరియొకటి లేదని తోచును. పసిపిల్ల అడిగినను, న్యాయస్థానమున న్యాయవాది సాక్షిని అడిగినను ఒక సంఖ్య చెప్పి ఊరకుండవచ్చును. కాని ఆ సంఖ్యను ఎవరు, ఎప్పటినుండి, దేనిని గురుతుగా పెట్టుకొని లెక్కించిరి అని రెండవ ప్రశ్న వేసిన క్షణముననే మొదటి ప్రశ్నలోని అమాయకత్వము తొలగిపోవును. అంతవరకు గడియారమువలె నిర్లిప్తముగా కనిపించిన సంఖ్య వెనుక ఒక రాజు, ఒక మతము, ఒక విజయము, ఒక్కొక్కప్పుడు ఒక పరాజయము కూడ నిలిచియుండును. లెక్కలు ఇన్ని విధములైనపుడు కాలమును గూర్చిన సత్యము ఒక్కటిగా నిలుచునా? మన లెక్క కాని లెక్కపట్ల మన ధర్మమేమి? ఈ రెండు ప్రశ్నలే ఈ వ్యాసమునకు విషయము.

దక్షిణ అండమాన్ దీవిలో, 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని క్రొత్త పేరు పొందిన పోర్ట్ బ్లెయిర్ నగరమును ఆనుకొని ప్రోతరాపూర్ అను ఊరు కలదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి వచ్చిన తెలుగువారు, తమిళులు, బెంగాలీలు, మలయాళీలు, హిందీ మాటలాడువారు, ఛోటా నాగపురమునుండి వచ్చినవారు ఈ దీవులలో ఇరుగుపొరుగుగా బ్రదుకుచున్నారు. 2025లో ఇక్కడి తెలుగువారికి మార్చి 30న విశ్వావసు నామ సంవత్సరము వచ్చెను. తమిళులకు అదే విశ్వావసు పదునైదు దినములు ఆలస్యముగా, ఏప్రిల్ 14న వచ్చెను. ఆ మరునాడు బెంగాలీలకు 1432వ సంవత్సరము, జూన్ చివర ముస్లిములకు 1447వ సంవత్సరము, ఆగస్టు 17న మలయాళీలకు కొల్లము 1201వ సంవత్సరము ప్రవేశించెను. బడికి, కచేరీకి మాత్రము జనవరి ఒకటవ తేదీననే సంవత్సరము మారియుండెను. ఒక్క వీథిలో ఇన్ని సంవత్సరములు పుట్టుచున్నను పొరుగింటివారితో ఎవరికిని తగవు రాలేదు. ఒకరి పండుగనాడు మరియొకరికి పిండివంటలు అందును. ఈ శాంతికి ఆధారమేమో చూడవలెనన్నచో గతములోని ఒక్క దినమును చేతిలోనికి తీసుకొనుట మంచిది.

ఆ దినము తెలుగువారికి అపరిచితమైనది కాదు. వేంగీ చాళుక్య ప్రభువైన రాజరాజనరేంద్రుడు పట్టాభిషిక్తుడైన దినమది. నన్నయభట్టారకునిచే మహాభారతాంధ్రీకరణమునకు ఉపక్రమింపజేసిన రాజు ఆయనయే. ఆయన కోరుమిల్లి తామ్రశాసనము ఆ ముహూర్తమును సంస్కృత శ్లోకమున నిలిపినది. శకవత్సరమును అంకెలతో చెప్పక, వేదములు, సముద్రములు, నిధులు అను మాటలతో చెప్పినది. వేదములు నాలుగు, సముద్రములు నాలుగు, నిధులు తొమ్మిది; అంకెలను కుడినుండి ఎడమకు పేర్చుకొనుట సంప్రదాయము కావున అది 944. అంతటితో ఆగక సూర్యుడు సింహరాశియందున్నాడనియు, కృష్ణపక్ష ద్వితీయయనియు, ఉత్తరాభాద్రా నక్షత్రమనియు, గురువారమనియు, తులాలగ్నమనియు చెప్పినది. ఈ గురుతులన్నియు క్రీస్తు శకము 1022 ఆగస్టు 16నకు సరిపోవుచున్నవి. సూర్యుడు సింహరాశిలో ఉండగా తులాలగ్నము వచ్చుటకు కొన్ని గడియలు పట్టును; కావున ప్రొద్దెక్కిన పిదప, మధ్యాహ్నమునకు ముందు ఆ అభిషేకము జరిగియుండును.

ఇక ఆ ఉదయము ఏ సంవత్సరములోనిది? శకకాలమున 944 అనగా గడచిన వత్సరముల లెక్క; జరుగుచున్న వత్సరమును లెక్కించువారికి అది 945. కలియుగాబ్దములలో గడచినవి 4123. ఉత్తరాదివారి విక్రమ సంవత్సరము 1079. గుజరాతమున విక్రమ సంవత్సరము కార్తికముతో మొదలగును కావున వారికి ఇంకను 1078 సాగుచునే యున్నది. కొల్లము లెక్కలో సంవత్సరము సింహమాసముతో మొదలగు దక్షిణ కేరళమున 198. కన్యామాసముతో మొదలగు ఉత్తర మలబారునకు 197 ఇంకను ముగియలేదు. కళింగమున గాంగవంశీయుల శకము ఇంచుమించు 525వ వత్సరమున నడచుచుండెను. తంజావూరిలో ఈ లెక్కలేవియు అక్కరలేదు. రాజరాజనరేంద్రునకు మేనమామయు, మామగారును అయిన రాజేంద్రచోళుని పాలనలో అది పదునొకండవ యేడు.

అరువది సంవత్సరముల చక్రమున దక్షిణాదివారికి అది దుందుభి. ఈ చక్రము బృహస్పతి గతినుండి పుట్టినది. బృహస్పతి ఒక రాశిని దాటుటకు సౌర సంవత్సరముకంటె సుమారు నాలుగు దినములు తక్కువ పట్టును కావున ఇంచుమించు ఎనుబదియైదేండ్ల కొకమారు ఒక పేరును విడిచిపెట్టవలసి వచ్చును. ఉత్తరాదివారు నేటికిని ఆ నియమమును పాటించుచున్నారు. దక్షిణాదివారు పదవ శతాబ్ది ఆరంభము తరువాత దానిని మానిరి. నాటినుండి రెండు ప్రాంతముల పేర్లు విడిపోయి, నేడు వానిమధ్య పదమూడు పదునాలుగు పేర్ల దూరము ఏర్పడినది. ఒకే గ్రహమును చూచి ఒకే పట్టికను పట్టుకొన్నవారు సైతము వేర్వేరు పేర్లతో పిలుచుటకు ఒక్క చిన్న సవరణను మానుకొనుట చాలినది.

దేశపు ఎల్లలు దాటి చూతము. గజనీలో అది హిజరీ 413, జుమాదల్ ఊలా మాసపు నడిమి దినము. ఆ హిజరీ వత్సరమందే మహమూదు గ్వాలియరు, కాలంజర దుర్గములపైకి దండెత్తెను. పారసీకుల యజ్దగర్ద్ శకమున 391. సిరియా దేశపు క్రైస్తవులు వాడు అలెగ్జాండరు శకమున 1333. కాన్‌స్టాంటినోపుల్ నగరమున సృష్ట్యాది 6530. యూదులకు సృష్ట్యాదియే అయినను 4782. చీనాలో ఆ యేడే సోంగ్ వంశమున చక్రవర్తి మరణింపగా క్రొత్త చక్రవర్తి వచ్చెను. వారి అరువదేండ్ల చక్రమున అది ఏబదితొమ్మిదవది. క్రీస్తు శకపు తేదీ సైతము ఒక్కటి కాదు. ఆగస్టు 16 అనునది జూలియన్ లెక్క. 1582లో పోప్ పదమూడవ గ్రెగరీ సవరించిన లెక్కను వెనుకకు జరిపినచో అదే ఉదయము ఆగస్టు 22 అగును.

ఈ పట్టికను చూచిన మనస్సునకు రెండు ప్రలోభములు కలుగును. మొదటిది: ఇన్ని సంఖ్యలు ఉన్నవి కావున ఏదియు నిజము కాదు, కాలమనునది మానవుల కల్పన మాత్రమే అనుట. రెండవది: వీనిలో ఒక్కటే నిజము, అది మాది, తక్కినవి అజ్ఞానమువలన పుట్టినవి అనుట. ఈ రెండును పైకి విరుద్ధములైనను మూలమున ఒక్కటే. సంఖ్యయే సత్యమని రెండు పక్షములవారును అనుకొనుచున్నారు. అది ఒక్కటిగా దొరకనపుడు ఒకరు నిరాశపడుచున్నారు, మరియొకరు కోపపడుచున్నారు. ఒక కొండ ఎత్తును మూరలలో చెప్పినవాడును, గజములలో చెప్పినవాడును వేర్వేరు సంఖ్యలు పలికినంత మాత్రమున కొండ లేకుండ పోదు. ఒకడు అబద్ధమాడినట్లును కాదు. అబద్ధమెక్కడ వచ్చుననగా, మూరలలో కొలిచి గజములని చెప్పినపుడు. లెక్కలు పెక్కు కావచ్చును. ఏ లెక్కయో చెప్పక దాచుట మాత్రము దోషము.

ఈ దోషమును ఎరిగి తొలగించిన మహనీయుడొకడు ఆ కాలముననే గజనీలో నుండెను. అల్ బీరూనీ 1030 ప్రాంతమున భారతదేశమును గూర్చి వ్రాసిన గ్రంథమున ఈ దేశపు శకములను పోల్చి చూపవలసి వచ్చినపుడు కొలబద్దగా ఒక వత్సరమును ఎన్నుకొనెను. ఆయన ముస్లిము, ఆయనకు ప్రభువు మహమూదు, సహజముగా హిజరీ వత్సరమును తీసికొనవలసినది. కాని ఆయన యజ్దగర్ద్ శకము 400ను తీసికొనెను. పదులును ఒకట్లును లేని నిండు నూర్లు లెక్కకు సుళువని ఆయన చెప్పిన కారణము. ఆ వత్సరము విక్రమ శకమున 1088, శకకాలమున 953, వలభీ శకమున 712, శ్రీహర్ష శకమున 1488 అని వరుసగా చూపెను. ఈ యజ్దగర్ద్ ఎవరు? 632లో సింహాసనమెక్కి, అరబ్బులచేతిలో ఓడి, 651లో హతుడైన చివరి సాసానీయ రాజు. విజేతల మతమునకు చెందిన పండితుడు, పరాజితుని శకమును కొలబద్దగా పెట్టి, మూడవ జాతివారి శకములను వివరించెను. తన లెక్కను కేంద్రమున నిలుపకయే తాను ఉండగలుగుట పాండిత్యముకంటె పెద్ద గుణము.

శకములకును రాజ్యాధికారమునకును గల సంబంధము తెలియనిది కాదు. కల్యాణి చాళుక్యుడైన ఆరవ విక్రమాదిత్యుడు 1076లో శకకాలమును త్రోసిపుచ్చి తనపేర చాళుక్య విక్రమ శకమును నెలకొల్పెను. ఆయన రాజ్యమున శాసనములలో పెక్కు ఆ లెక్కను పాటించెను. రాజ్యము క్షీణింపగనే ఆ శకమును మరుగునపడెను. ఆయన త్రోసిపుచ్చిన శకకాలము మాత్రము కాంబోజము, యవద్వీపములయందలి శాసనములవరకు వ్యాపించి, నేటికిని మన పంచాంగములలో నిలిచియున్నది. ఉత్కళ గంజాము సీమల అంక సంవత్సరములు మరియొక విధమైనవి. వానిలో ఒకటిని, ఆరుతో ముగియు సంఖ్యలను, పది తప్ప సున్నతో ముగియు సంఖ్యలను అశుభములని విడిచిపెట్టుదురు. అందుచేత రాజు పాలించిన యేండ్లకంటె ఆయన అంకము ఎప్పుడును ఎక్కువగా నుండును. చరిత్రకారుడు ఆ నియమమును ఎరిగినచో అందు మోసము లేదు. ఎరుగనిచో రాజు ఆయుర్దాయమే పెరిగిపోవును. సంఖ్య మారలేదు, దానిని చదువుటకు వలయు తాళపుచెవి మాత్రము కావలెను.

ఇన్ని భేదములలో సమానమైనది ఏదియు లేదా? ఉన్నది, ఆశ్చర్యమేమనగా అది మనము ఊహించినచోట లేదు. సూర్యుడు అందరికిని ఒక్కడే కావున సంవత్సరము ఒక్కటి కావలెను; కాలేదు. చంద్రుడు ఒక్కడే కావున మాసము ఒక్కటి కావలెను; అదియు కాలేదు. ఆకాశమున ఏ ప్రత్యక్షమైన ఆవృత్తియు లేని ఏడు దినముల వారము మాత్రము సమానమైనది. కోరుమిల్లి శాసనము గురువారమనిన దినమే మన పల్లెలలో బేస్తవారము. గజనీలోను, కాన్‌స్టాంటినోపుల్‌లోను దానిని అయిదవ దినమనిరి. గ్రెగరీ సవరణలో తేదీలు పది ఎగిరిపోయినను వారము వరుస తప్పలేదు. అందుచేతనే ఆగస్టు 16 అనినను, 22 అనినను అది గురువారమే. అరబ్బులకును యూదులకును సూర్యాస్తమయముతో దినము మారును, మనకు సూర్యోదయముతో మారును. కావున పగటివేళ ఉన్న ఈ ఏకత్వము రాత్రికి చెదరును. చీనాలో రాచవ్యవహారమునకు వారము వాడుకలో లేదు. ఈ మినహాయింపులు ఉన్నను గోదావరినుండి మధ్యధరా సముద్రమువరకు ఒక్క గురువారము నిలిచినది.

దీనికి కారణమేమని ఆలోచింపవలెను. వారమునకు శకారంభము లేదు, అది ఏ రాజుపేరను మొదలు కాలేదు. ఎవరి విజయమునకును గురుతు కాదు; ఎవరును దానిని శాశ్వతముగా కూలద్రోయలేకపోయిరి. సంతకు పోవువారు, ప్రార్థనకు పోవువారు, ఉపవాసముండువారు ఒక దినమును మరువక మరియొక దినమునకు అప్పగించుచు వచ్చిరి. ప్రకృతి ఇచ్చినచోట మానవులు విడిపోయిరి. మానవులు తమంతట తాము శ్రద్ధగా కాపాడినచోట కలిసియున్నారు. సత్యమున ఏకీభావము ప్రకృతిచేత ఊరక లభించునది కాదనియు, సామాన్యుల నిత్యశ్రద్ధవలన కూడ అది ఏర్పడుననియు నేను గ్రహించుచున్నాను.

ఈ శ్రద్ధకు ఫలితము చరిత్రశోధనలో కనిపించును. పాత శాసనమొకటి దొరికినపుడు అందలి తిథియు, నక్షత్రమును, వారమును పరస్పరము కలియునా అని విద్వాంసులు గణించి చూతురు. దివాన్ బహదూర్ స్వామికన్ను పిళ్ళె 1922లో ప్రకటించిన భారతీయ పంచాంగ గణిత సంపుటములు ఈ పరీక్షకై తరతరముల పరిశోధకులకు చేదోడైనవి. వారము కలియనిచో లేఖకుడు పొరపడెనో, లేక భూమికై ఎవడో తరువాతికాలమున దొంగశాసనము పుట్టించెనో అని అనుమానింపవలెను. సంఖ్య ఒక్కటే ఉన్నచో అబద్ధమునకు అడ్డు లేదు. ఎవడైనను ఏ సంఖ్యనైనను చెక్కవచ్చును. పలు గురుతులు ఒకదానికొకటి సాక్ష్యమిచ్చినపుడే పరులు పరీక్షింపగల సత్యము ఏర్పడును.

హిందీనుండి తెలుగునకు అనువదించువానికి ఈ విషయము నిత్యానుభవము. వింధ్యకు ఉత్తరమున మాసము పూర్ణిమతో ముగియును. మనకు అమావాస్యతో ముగియును. శుక్లపక్షమున రెండు భాషలవారికిని మాసము పేరొక్కటే, కృష్ణపక్షమున వారిది ఒక నెల ముందుండును. మన శ్రావణ బహుళాష్టమి వారికి భాద్రపద కృష్ణాష్టమి. మన ఆశ్వయుజ అమావాస్యనాటి దీపావళి వారికి కార్తిక అమావాస్య. రాజరాజనరేంద్రుని పట్టాభిషేకము మన లెక్కలో భాద్రపద బహుళ విదియ. వారి లెక్కలో ఆశ్విన కృష్ణ ద్వితీయ. హిందీ పుస్తకమున ఆశ్వినమని యున్నదానిని తెలుగున ఆశ్వయుజమని వ్రాసినచో మాట మారదు, దినము నెలదూరము తొలగిపోవును. భాద్రపదమని వ్రాసినచో మాట మారును, దినము నిలుచును. విశ్వాసపాత్రత మాటకా, దినమునకా అని అడిగినచో దినమునకే అని నా ఉత్తరము. కోరుమిల్లి శాసనకర్త చాంద్రమాసము పేరు చెప్పక సింహరాశిని చెప్పుటవలన ఈ చిక్కు అతని పాఠకునకు లేకపోయినది.

అట్లయినచో అందరికిని ఒక్క పంచాంగమును విధించుట మేలు కాదా అని కొందరడుగుదురు. స్వతంత్ర భారతదేశము ఆ ప్రశ్నను గంభీరముగానే తీసికొన్నది. 1952లో మేఘనాథ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘము ఏర్పడెను. ఆ సంఘము దేశమున సుమారు ముప్పది పంచాంగములు వాడుకలో నున్నట్లు కనుగొని 1955లో నివేదిక సమర్పించెను. 1957 మార్చి 22న, శకము 1879 చైత్రము 1న, రాష్ట్రీయ పంచాంగము అమలులోనికి వచ్చెను. ప్రభుత్వ రాజపత్రమునందును, ఆకాశవాణియందును ఆ తేదీ నేటికిని వినవచ్చుచున్నది. అయినను ఇంటింటి పండుగలు దానివెంట నడువలేదు. దీనిని వైఫల్యమని నేననుకొనను. ఒక సామాన్యమైన కొలబద్ద ఉండుట అవసరము. అల్ బీరూనీకి యజ్దగర్ద్ 400 ఎట్లో మనకు క్రీస్తు శకమో, రాష్ట్రీయ పంచాంగమో అట్లు ఉపకరించును. కొలబద్ద వచ్చినంత మాత్రమున కొలువబడినవి పోవలెనన్న నియమము లేదు.

ఈ దీవులు ఆ వివేకమును మరింత లోతుగా నేర్పుచున్నవి. ప్రోతరాపూర్ రాజమహేంద్రవరమునకు తూర్పున సుమారు పదునొకండు రేఖాంశముల దూరమున నున్నది. ఇక్కడి సూర్యుడు అక్కడికంటె ముప్పావుగంట ముందు వచ్చును. తిథి అన్నిచోట్లను ఒక్క క్షణముననే మారును, సూర్యోదయము మాత్రము ఊరూరికి వేరు. కావున గోదావరీతీరమున అచ్చయిన పంచాంగమున ఒకనాడు విదియయని యున్నను, ఇక్కడ సూర్యుడు ఉదయించునప్పటికి పాడ్యమి ఇంకను మిగిలియుండవచ్చును. ఇద్దరిలో ఎవరును తప్పు చెప్పుటలేదు. ఎవరి ఉదయమును వారు చెప్పుచున్నారు. ఈ ఊరిలో జిల్లా కారాగారము కలదు. 1858 మార్చిలో ఇన్నూరుమంది ఖైదీలను దింపినప్పటినుండి ఈ దీవులలో ఎందరికో శిక్షపడిన దినమే శకారంభమైనది. ఆ శకము తక్కినవానివలె పెరుగదు. మిగిలిన యేండ్లుగా తరుగుచు వచ్చును. దానిని ఏ పంచాంగమును ఎక్కించుకొనలేదు, అయినను అంత జాగ్రత్తగా లెక్కింపబడిన సంవత్సరములు మరియెక్కడను ఉండవు.

ఈ దీవుల ఆదివాసులకు సంఖ్యయే అక్కరలేకపోయెను. రాడ్‌క్లిఫ్ బ్రౌన్ 1922లో ప్రకటించిన గ్రంథమున, అండమానీయులు సంవత్సరమును అడవిలో వరుసగా పూచు చెట్ల పూవుల పేర్లతో, ఆ పూవుల వాసనలతో గుర్తించుచుండిరని వ్రాసెను. రాజేంద్రచోళుని 1030 నాటి తంజావూరు శాసనము ఆయన నావికాదళము గెలిచిన స్థలములలో మా నక్కవారమను నికోబారును పేర్కొన్నది; ఆ విజయము ఆయన రాజ్యవర్షములలో లెక్కింపబడెను. గెలువబడినవారి లెక్కలో అది ఏ పూవు పూచిన కాలమో శాసనము చెప్పదు. సంఖ్య లేని సంవత్సరమును సంవత్సరము కాదనుట, మన భాష రానివాడు మూగవాడనుట వంటిది.

కావున మొదటి ప్రశ్నకు నా సమాధానమిది. సంవత్సరము దానిని లెక్కించినవారిది, దినము అందరిది. ఎవరి సంవత్సరమును వారినుండి తీసివేయుటకు మనకు అధికారము లేదు. మన సంవత్సరమును చెప్పునపుడు మాత్రము, అది ఎరుగనివాడు కూడ ఆ దినమును చేరగలుగునట్లు చెప్పుట మన విధి. కోరుమిల్లి శాసనమును కూర్చినవాడు శకముతో ఆగియుండవచ్చును. ఆనాటి వేంగిలో అది చాలును. అతడు రాశిని, పక్షమును, తిథిని, నక్షత్రమును, వారమును, లగ్నమును చేర్చెను. వేయి యేండ్ల పిదప, వేరొక శకము వాడు అపరిచితులు ఆ గురుతులను పట్టుకొని అతని మాటను పరీక్షించిరి. ఆ గురువారము గురువారముగనే తేలెను. నేడు ఉత్తరము వ్రాయువాడును, పత్రము వ్రాయువాడును, చరిత్ర వ్రాయువాడును తన తేదీప్రక్కన అట్టి గురుతు ఒక్కటైనను ఉంచినచో, రానున్నవారియెడల తన ఋణమును కొంత తీర్చుకొనినవాడగును.